కాసినో గెలుపులోంచి నష్టం తీసేసి చూపించొచ్చా?

నమస్తే అండీ. 2025లో అమెరికా కాసినోలో 5,000 డాలర్లు గెలిచి 4,000 పోగొట్టుకున్నాను, మిగిలిన 1,000 చూపిస్తే చాలా అని అడిగారు. చాలదండీ. గెలిచిన 5,000 మొత్తాన్నీ ఫారం 1040 (అమెరికా ఆదాయపన్ను రిటర్ను)కి జతచేసే షెడ్యూల్ 1లో ఆదాయంగా రాయాలి. కాసినో నుంచి డబ్ల్యూ-2జీ (గెలుపు వివరాలు తెలిపే ఫారం) రాకపోయినా రాయాల్సిందే.

నష్టం చూపించేది మినహాయింపులు రాసే షెడ్యూల్ ఏలో, అదీ గెలుపుకు మించకుండా. అసలు చిక్కు ఇక్కడే: ఐటమైజ్ చేస్తేనే, అంటే మినహాయింపులను ఒక్కొక్కటిగా రాసి చూపిస్తేనే, ఆ మినహాయింపు దొరుకుతుంది. అలా రాయనివారికి ఇచ్చే స్థిర మినహాయింపు, అంటే స్టాండర్డ్ డిడక్షన్, 2025లో పెళ్లికానివారికి 15,750 డాలర్లు. ఇంటి లోను వడ్డీ, రాష్ట్ర పన్నులు, విరాళాలకు ఈ 4,000 కలిపినా అది దాటకపోతే, నష్టం చూపించి ఒక్క డాలరు కూడా కలిసిరాదు. ఇది అన్యాయమనే నాకూ అనిపిస్తుంది, కానీ చట్టం అలాగే ఉంది.

మీరు ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉండి పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్ అయితే కథే వేరు. 1040-ఎన్ఆర్ (నాన్ రెసిడెంట్ల రిటర్ను) వేయాలి, స్లాట్ మెషీన్ గెలుపు మీద 30 శాతం పన్ను, నష్టాలకు మినహాయింపు లేదు. ముందు అది తేల్చుకోండి.

2026 నుంచి నష్టంలో 90 శాతాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఆడిన తేదీ, చోటు, ఆట, వచ్చిందీ పోయిందీ ఎప్పటికప్పుడు డైరీలో రాయండి, రసీదులు, స్టేట్‌మెంట్లు కూడా దాచండి.