ఆ ఒక్క కాగితం ముందు కూర్చో

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మంచం మీద వాలి, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఉద్యోగానికని అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం వెళ్లినదానివి, అక్కడి టెలిఫోన్ కంపెనీ చరిత్రను తెలుగులో రాయాలనుకున్నావు చూడు, ఆ ఆలోచనకే నాకు కడుపు నిండింది. ఇరవై ఎనిమిదేళ్లు, దూరపు ఊళ్ల కాల్స్ కలిపే ట్రంకు బోర్డు ముందు కూర్చున్నదాన్ని. టెలిఫోన్ మీద ఎవరేం రాసినా వదలను. అందుకే నీకు మెత్తగా రాయలేకపోతున్నాను, ఏమీ అనుకోకు.

నీ మొదటి అధ్యాయంలో ఏముంది? 1878లో డిస్ట్రిక్ట్ టెలిఫోన్ కంపెనీ ఆఫ్ న్యూహేవెన్, 1880లో కనెక్టికట్ టెలిఫోన్ కంపెనీ, 1882లో సదరన్ న్యూ ఇంగ్లండ్ టెలిఫోన్ కంపెనీ, 1998లో దాన్ని ఎస్‌బీసీ అనే టెలిఫోన్ కంపెనీ కొనుక్కుంది, 2014లో ఫ్రాంటియర్ అనే మరో కంపెనీ కొనుక్కుంది. అన్నీ సరైనవే. కానీ శుభలేఖ మీద పెద్దల పేర్లు చదివినట్టుంది తల్లీ. పెళ్లికూతురు ఎక్కడా కనిపించలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన పదేళ్లకు మా ఎక్స్చేంజి ప్రత్యేక సంచికకు చరిత్ర రాయమన్నారు. ఏ ఏడు ఏ అధికారి వచ్చారు, ఎన్ని లైన్లు పెరిగాయి, కొత్త భవనానికి ఎవరు శంకుస్థాపన చేశారు, అంతా వరసగా రాసిచ్చాను. రిటైరైన లైన్‌మన్ ఒకాయన అది చదివించుకుని విని, "తుఫానప్పుడు కూలిన స్తంభాలెక్కడున్నాయమ్మా ఇందులో?" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మూడు వారాలు మోకాలిలోతు నీళ్లలో తిరిగి తీగలు లాగినవాళ్లు ఆయనా, ఆయన జట్టూ. వాళ్ల మాట ఒక్కటీ అందులో లేదు. అప్పటి నుంచీ దేని గురించి రాయబోయినా ముందు ఆయన ముఖమే గుర్తొస్తుంది.

అందుకని నీ చిత్తుప్రతి పక్కన పెట్టి, ఒక్క కాగితం ముందు కూర్చో. 1878 ఫిబ్రవరి 21న ఆ న్యూహేవెన్ కంపెనీ అచ్చువేసిన చందాదారుల జాబితా అది. ఒకే అట్టముక్క, 50 పేర్లు. దాన్ని నువ్వు "ప్రపంచంలోనే మొదటి టెలిఫోన్ డైరెక్టరీ" అని ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే అక్కడే ఒక అధ్యాయం రాస్తాను. అందులో నంబర్లు లేవు. ఎందుకు లేవో ఆలోచించావా? బోర్డు దగ్గర కూర్చున్నవాడికి అందరూ పేరుతోనే తెలుసు. ఫలానా వారు కావాలంటే చాలు, కలిపేవాడు. మా ఊళ్లో కూడా పాత బోర్డు ఉన్నన్నాళ్లూ "రైస్ మిల్లుకి ఇవ్వమ్మా" అనేవాళ్లే ఎక్కువ. నంబరు మాకే గుర్తుండాలి.

ఇక ఆ పేర్లు చూడు. ఇళ్ల వరసలో మొదటి పేరు ఒక క్రైస్తవ మతగురువుది, రెవరెండ్ జాన్ టాడ్. కంపెనీ పెట్టిన ముగ్గురూ, జార్జ్ కోయ్, హెరిక్ ఫ్రాస్ట్, వాల్టర్ లూయిస్, తమ ఇళ్లనూ అందులో రాసుకున్నారు. డాక్టర్లు ముగ్గురు, పళ్ల వైద్యులు ఇద్దరు. మాంసం, చేపల దుకాణాలు నాలుగు. గుర్రపుశాలలు రెండు. పోలీసు ఆఫీసు, పోస్టాఫీసు, రెండు క్లబ్బులు. ఆ ఊళ్లోని యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల పత్రిక కూడా ఉంది. ఆ పత్రిక పుట్టిందీ ఈ కంపెనీ ఎక్స్చేంజి తెరిచిందీ ఒకే రోజు, 1878 జనవరి 28. అంటే నెల కూడా నిండని పత్రికకు అప్పుడే ఫోనుంది. మోరిస్ టైలర్ అనే వకీలు పేరు రెండుచోట్ల కనిపిస్తుంది, ఒకటి ఇంటికి, ఒకటి ఆఫీసుకి. ఆయనే తర్వాత ఆ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. నువ్వు నాలుగో అధ్యాయంలో ఆయన్ని హఠాత్తుగా ప్రవేశపెట్టావు. ఇక్కడే, ఈ జాబితాలోనే పాఠకుడి కంట పడేలా చెయ్యి, అప్పుడు నాలుగో అధ్యాయంలో తెలిసిన మనిషి ఎదురైనట్టుంటుంది.

ఆ కాగితం అడుగున ఒక మాట ఉంది. ఆఫీసు ఉదయం 6 నుంచి రాత్రి 2 దాకా తెరిచి ఉంటుంది, మార్చి 1 తర్వాత రాత్రంతా ఉంటుంది అని. నువ్వు దాన్ని వదిలేశావు. నాకు మాత్రం అది చదవగానే ఒళ్లు ఝల్లుమంది. తెరిచి నెల తిరిగేసరికి రాత్రి డ్యూటీ మొదలైందన్నమాట! చలికాలం ఇంకా వెళ్లని ఊళ్లో, తెల్లవారుజామున మూడింటికి, ఎవరైనా డాక్టరు కోసం పిలుస్తారేమోనని ఒక మనిషి మేలుకుని కూర్చున్నాడు. నేనూ అలా కూర్చున్నాను. నిద్ర ఆపుకోడానికి కళ్లకు చన్నీళ్లు చల్లుకుంటూ కూర్చున్నాను. టెలిఫోన్ కంపెనీ అంటే నా దృష్టిలో ముందుగా ఆ మేలుకుని ఉండటమే.

రెండో సంగతి బోర్డు. కోయ్ టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసినవాడు, అమెరికా అంతర్యుద్ధంలో పోరాడినవాడు. 1877 ఏప్రిల్ 27న న్యూహేవెన్ ఒపేరా హౌసులో గ్రాహం బెల్ టెలిఫోన్ ప్రదర్శన చూశాడు. హార్ట్‌ఫోర్డ్, మిడిల్‌టౌన్ ఊళ్లతో బెల్ మాట్లాడి చూపించాడు. ఆ ఏడు నవంబరులోనే కోయ్ బెల్ కంపెనీ నుంచి అనుమతి తెచ్చుకున్నాడు. బోర్డు కొనుక్కోడానికి ఎక్కడా దొరకదు కాబట్టి తనే చేసుకున్నాడు. బండి చక్రాలకు వాడే బోల్టులు, టీపాట్ మూతల పిడులు, ఆడవాళ్ల గౌను వెనక ఎత్తుగా నిలబెట్టే తీగ, వాటితో కట్టాడు. నువ్వు దీన్ని వింతలా రాశావు. వింత కాదమ్మా, అది అవసరం. ఆ ఊళ్లో బండ్లు తయారుచేసేవాళ్లు బోలెడుమంది, బోల్టులు చేతికందేవి. అందినదాన్ని వాడుకున్నాడు.

ఆ బోర్డు మీద 64 మందిని కలపొచ్చు గానీ ఒకేసారి రెండు సంభాషణలే నడిచేవి. ఒక్క కాల్‌కి ఆరు చోట్ల దాకా కలపాల్సివచ్చేది. ఈ అంకెల్ని నువ్వు ఒక పట్టికలో పెట్టావు. పట్టిక తీసెయ్యి. దాని బదులు ఒక్క కాల్ రాయి. ఇంటి నుంచి సంకేతం వస్తుంది, బోర్డు దగ్గరి కుర్రాడు ఎవరు కావాలని అడుగుతాడు, ఆ లైను మీదే మరో పదిమంది ఉంటారు, అవతలి మనిషిని పిలవడానికి కీచుమనే శబ్దం పంపుతాడు. ఆ శబ్దానికి జనం "కోయ్ గారి కోడి" అని పేరు పెట్టారు. ఈ పేరు నీ నలభై పేజీల్లో ఎక్కడా లేదు. ఇలాంటి మాట ఒక్కటి దొరికితే రెండు రోజులు సంతోషంగా ఉండాలి రచయిత. మా బోర్డు మీద లైను మోగితే చిన్న రేకు మూత కిందపడేది, "మూత పడిందే" అని ఒకరినొకరు లేపుకునేవాళ్లం. ఆ మాట ఏ నివేదికలోనూ ఉండదు.

1878 నవంబరులో కంపెనీ వేసిన పుస్తకం ఉంది కదా, 391 మంది చందాదారులతో, ఫోను ఎలా వాడాలో సూచనలతో. మొదట "హల్లో" అనండి, ముగించేటప్పుడు "అంతే" అనండి, అవతలివారు "సరే" అనాలి. అనుమతి లేకుండా ఒకసారికి మూడు నిమిషాలు మించి మాట్లాడొద్దు, గంటకు రెండుసార్లు మించి వాడొద్దు. చెడ్డమాట ఎవరన్నా వెంటనే ఆఫీసుకి చెప్పండి. వీటిని నువ్వు ఇంగ్లిష్ నుంచి పొల్లుపోకుండా దించావు, పుస్తకాల తెలుగులో. అలా వద్దు. మన ఇంట్లో పెద్దావిడ మొదటిసారి ఫోను ముట్టుకుంటుంటే మనవరాలు ఎలా చెబుతుందో అలా రాయి. ఆ మూడు నిమిషాలు ఎక్కడివో కూడా చెప్పు. బోర్డు మీద రెండే మాటలకు చోటున్నప్పుడు ఒకరు ఆగకుండా మాట్లాడితే ఊరంతా ఆగిపోతుంది. మేమూ ట్రంకు కాల్‌లో "త్రీ మినిట్స్ ఓవర్" అనేవాళ్లం. అవతల కొడుకు గొంతు వింటున్న తల్లి మధ్యలో అలా అనాల్సివచ్చినప్పుడు నోరు రాక, అర నిమిషం ఆగి అన్న రోజులున్నాయి.

నీ ప్రతిలో నాకు బాగా నచ్చింది హార్ట్‌ఫోర్డ్ మందులషాపు. టారిఫ్‌విల్ దగ్గర 1878 జనవరి 15 రాత్రి వంతెన కూలి రైలు ఫార్మింగ్‌టన్ నదిలో పడిన ఘట్టం బాగా రాశావు. 13 మంది పోయారు. వార్త హార్ట్‌ఫోర్డ్ చేరగానే, ఐజక్ స్మిత్ మందులషాపు నుంచి ఊళ్లో డాక్టర్ల ఇళ్లకు అప్పటికే వేసి ఉన్న తీగల మీద వాళ్లను లేపి పంపారు. న్యూహేవెన్‌లో వ్యాపార ఎక్స్చేంజి తెరవడానికి ఇంకా పదమూడు రోజులుంది. కానీ నువ్వు దీన్ని చివరలో, అనుబంధంలో పెట్టావు! ముందుకు తీసుకురా. ఫోను ఎందుకు కావాలో జనానికి అర్థమైన రాత్రుల్లో అదొకటి.

హార్ట్‌ఫోర్డ్‌కే చెందిన విలియం గ్రే కథ దగ్గర మాత్రం జాగ్రత్త. 1889లో అక్కడి బ్యాంకులో నాణెం వేసే ఫోను పెట్టించాడు, దానికి పేటెంటు ఉంది, అది గట్టి సంగతి. భార్యకు జబ్బు చేస్తే దగ్గర్లో ఎవరూ ఫోను ముట్టుకోనివ్వలేదనీ, ఆ బాధతోనే కనిపెట్టాడనీ చెప్పేది తరతరాలుగా నడుస్తున్న కథ. కథగానే చెప్పు, "అని చెబుతారు" అనే రెండు మాటలు వాక్యం బరువును తగ్గించవు. నువ్వు ఆమె మంచం పక్కన దీపం కూడా వెలిగించావు. ఆ దీపం ఆర్పెయ్యి.

తీగ గురించి అసలు రాయలేదేం? మొదట్లో ఇనుపతీగ వాడేవాళ్లు. రాగిలో మాట బాగా పోతుంది గానీ మెత్తన, దాని బరువుకే సాగి వేలాడిపోయేది. ఆ రాష్ట్రంలోనే, ఇత్తడి, రాగి పరిశ్రమలున్న అన్సోనియాలో థామస్ డూలిటిల్ 1877లో రాగిని వేడిచేసి మెత్తబరచకుండా అచ్చుల్లోంచి లాగి గట్టి తీగ చేశాడు. 1884లో బోస్టన్, న్యూయార్క్ మధ్య లైను ఆ తీగతోనే వేశారు. దూరపు ఊళ్లు మాట్లాడుకోడానికి దారి వేసినవి నీ ఇంటికి గంట ప్రయాణంలోని ఫ్యాక్టరీలు. ఒకసారి వెళ్లి చూసిరా.

1984 అధ్యాయం గట్టిగా తిరగరాయాలి. "కంపెనీకి మినహాయింపు లభించింది" అన్నావు. ఎవరో దయతలచినట్టుంది. అమెరికా అంతటా ఫోన్లు నడిపిన పెద్ద కంపెనీ ఏటీ అండ్ టీ తన కింద ఉన్న 22 కంపెనీలను విడదీసి ఏడు సంస్థలుగా చేసింది, 1984 జనవరి 1 నుంచి. సదరన్ న్యూ ఇంగ్లండ్‌లో దానికున్నది చిన్న వాటా. అన్నదమ్ములు పంచుకునేది తమ పేరున ఉన్న పొలాన్నే గానీ, కాస్త పొత్తున్న పక్కవాడి పొలాన్ని కాదు కదా. అలాంటి చిన్న వాటాయే ఉన్న సిన్సినాటి బెల్ కంపెనీ కూడా అలాగే బయట ఉంది. ఇంత చిన్న కారణం మీద వందేళ్ల కంపెనీ మరో పద్నాలుగేళ్లు సొంత పేరుతో బతికింది. దాన్ని 1998లో కొన్న ఎస్‌బీసీ, 2005లో ఏటీ అండ్ టీని కూడా కొని ఆ పేరే పెట్టుకుంది. కొనుగోళ్ల సంగతి అంతకు మించి వద్దు, రెండు పేరాలు చాలు.

మన దేశం గురించి కూడా ఒక అధ్యాయం పెట్టనా అని అడిగావు. వద్దు. ఒక్క వాక్యం పెట్టు. న్యూహేవెన్ ఎక్స్చేంజి తెరిచిన నాలుగేళ్లకు సరిగ్గా అదే తేదీన, 1882 జనవరి 28న, ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీ వల్ల కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్చేంజీలు మొదలయ్యాయి. అప్పుడు మన కోస్తా అంతా మద్రాసు కిందే. తెలుగు పాఠకుడికి ఆ తేదీ చాలు, నీ పుస్తకం తనదీ అనిపించడానికి.

స్టోర్స్‌లోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో ఆ కంపెనీ కాగితాలున్నాయి కదా, సెలవు పెట్టి వెళ్లు. ముందు ఫొటోలు అడుగు. ఆపరేటర్ల వరస ఉన్న ఫొటో దొరికితే వాళ్ల చేతులు చూడు, ఏ చెయ్యి ఎంతదాకా చాపాల్సివచ్చిందో కొలుచుకో. బోర్డు మీద పనిచేసిన ముసలివాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకా ఉంటారు. చర్చి దగ్గరో గ్రంథాలయంలోనో అడిగితే దొరుకుతారు. వాళ్లని "చరిత్ర చెప్పండి" అనకు. "రాత్రి డ్యూటీలో ఏం తినేవారు?" అని అడుగు. మిగతాదంతా వాళ్లే చెబుతారు.

ఇంకొక పని. న్యూహేవెన్‌లో చాపెల్, స్టేట్ వీధులు కలిసేచోట బోర్డ్‌మన్ బిల్డింగ్ ఉండేది, కోయ్ బోర్డు పెట్టింది అందులోనే. జాతీయ చారిత్రక కట్టడమని గుర్తించిన తర్వాత కూడా 1973లో కూల్చేశారు. అక్కడ నిలబడి, పాత పటం ఒకటి చేతిలో పెట్టుకుని, ఆ 50 పేర్లలో నీకు నచ్చిన ఇంటికో దుకాణానికో నడిచి వెళ్లు. ఎన్ని నిమిషాలు పట్టిందో, దారిలో ఏం కనిపించాయో అదే రోజు రాత్రి రాసి నాకు పంపు. టైపు చెయ్యకు, చేత్తో రాసింది ఫొటో తీసి పంపు. కొట్టివేతలు చూడాలి నేను.

ఆరోగ్యం జాగ్రత్త. చలికి చెవులు కప్పుకో.

ఆశీస్సులతో,
నీ అమ్మమ్మ వయసు రచయిత్రి