నీళ్ళెవరు తెచ్చారు?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీ దగ్గరే ఆగిపోయాను. "పొయ్యి మీద పచ్చిపులుసు కుతకుతా ఉడుకుతోంది" అని రాశావు. నిజంగా కోపమొచ్చింది. పచ్చిపులుసు ఉడకదు, పేరులోనే ఉంది కదా! నల్లగొండ జిల్లాలో పుట్టి, ఆ పులుసు పోసుకుని తిని పెరిగినవాడివి. దాన్ని పొయ్యి ఎక్కించావంటే, అమ్మ వంట చేస్తుంటే ఒక్కరోజైనా పక్కన కూర్చుని చూడలేదన్నమాట. కథలో మాత్రం అమ్మ చేతి వంట 'అమృతం' అని ఐదుసార్లు వచ్చింది. ఆ మాట ఎవరి అమ్మకైనా అతుకుతుంది. మీ అమ్మ నాకు అందులో కనబడలేదు.

మా అమ్మ ఎట్లా చేసేదో చెబుతాను. నానిన చింతపండు పిసికి పిప్పి తీసేసేది. పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, ఉప్పు, జీలకర్ర, ఉల్లిగడ్డ ముక్కలు కలిపి, ఆ రసంలో చేత్తోనే నలిపేది. పైన వేయించిన నువ్వుల పొడి, దొరికితే కొత్తిమీర. పోపు మాత్రం ఇంట్లో నూనె ఉన్న రోజునే. ఆ చెయ్యి రాత్రిదాకా మండేది. పడుకునే ముందు అదే చేత్తో నా ముఖం తుడిచేది. నా కళ్ళు భగ్గున మండి ఏడ్చేవాణ్ణి. యాభై ఏళ్ళు దాటినా అమ్మ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మంట. పులుసు రుచి ఆ తర్వాతే.

నా మొదటి కథ కూడా వంట గురించే. దసరా నాటి భోజనం మీద రాశాను. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, పచ్చిపులుసు అన్నీ పెట్టాను. అమ్మకు చదువు రాదు కాబట్టి చదివి వినిపించాను. అంతా విని, "మరి నీళ్ళెవరు తెచ్చిన్రు బిడ్డా?" అంది. నాకు నోట మాట రాలేదు. మా వాడకట్టులోని చేదబావి నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు ఉంచినా మెత్తబడదు. పప్పు వండే రోజు అమ్మా అక్కా ఊరవతలి మంచినీళ్ళ బావికి పోయి బిందెలు మోసుకొచ్చేవాళ్ళు. అక్కకప్పుడు పదేళ్ళు. నేను పప్పు గురించి రాశాను, బిందె సంగతే మరిచిపోయాను. ఆ రాత్రే కూర్చుని కథ మొత్తం తిరగరాశాను.

అప్పట్లో ఒక వారపత్రిక ఎడిటర్ సరిగ్గా ఆ బావి పేరాలే కొట్టేశాడు. "కథకు అడ్డం పడుతున్నాయి" అని కార్డు రాశాడు. నెయ్యి గురించి రాసినవన్నీ ఉంచాడు. అచ్చయిన కథ అమ్మకు వినిపించడానికి నాకు మనసు రాలేదు. ఆ కోపం ఈనాటికీ పోలేదు. ఇప్పుడు కూడా కట్టెల పొయ్యి, మట్టికుండ, కమ్మటి వాసన అంటూ వచ్చేవాటికే మెచ్చుకోళ్ళు. ఊదుగొట్టంతో ఊది ఊది కళ్ళెర్రబడ్డ మనిషి ఆ కథల్లో ఎక్కడా ఉండదు. 1999లో దీపం పథకం వచ్చాక మా ఊళ్ళో గ్యాస్ అందిన ఆడవాళ్ళలో ఒక్కరు కూడా కట్టెల పొయ్యి పోయిందని బాధపడలేదు.

ఇంకొకటి. దేవరకొండ వైపు మెట్ట ఊళ్ళో, మీ నానమ్మ చిన్నతనంలో, రోజూ మల్లెపువ్వులాంటి అన్నం వండించావు. సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిందే 1967లో. కాలువ పారిన మిర్యాలగూడ వైపు వరి పెరిగింది. మెట్టలో జొన్న గటక, సజ్జ రొట్టె. రెండు రూపాయలకు కిలో బియ్యం 1983లో వచ్చింది. అంతకుముందు మా ఇంట్లో వరి అన్నం పండక్కో, జ్వరం తగ్గాక పథ్యానికో. నానమ్మ ఉంటే వెళ్ళి అడుగు, వరి అన్నం మొదటిసారి కడుపునిండా ఎప్పుడు తిన్నదో.

ఇంత కోప్పడి కూడా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఆరో పేజీలో నువ్వు రాసిన ఈ రెండు వాక్యాల కోసం: "చుట్టాలు నలుగురు దిగారు. అమ్మ ఏమీ మాట్లాడకుండా పులుసులో ఇంకో చెంబు నీళ్ళు పోసి, ఉప్పు సరిచూసింది." ఇది చదివి కాగితాలు పక్కన పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను. మా ఇంట్లోనూ ఆ చెంబు ఉండేది. నువ్వు మాత్రం వెంటనే సంక్రాంతి అరిసెల్లోకి వెళ్ళిపోయావు! అరిసెల గురించి అందరూ రాశారు. ఆ రోజు అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగిలింది? అమ్మ ఎప్పుడు తింది? పులుసు పలచబడిందని చుట్టాల్లో ఎవరైనా కనిపెట్టారా? ఆమె మొహం చూసినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

పోటీకి పంపనా అని అడిగావు. ముందు ఈ ఆదివారం పులుసు నువ్వే చెయ్యి. మిరపకాయలు చేత్తోనే నలుపు, చెంచా పెట్టకు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చెంబు నీళ్ళ రోజు గురించి అడుగు. వెంటనే చెప్పకపోతే తొందరపెట్టకు, అన్నం తిన్నాక మళ్ళీ అడుగు. తర్వాత అరిసెలన్నీ తీసేసి, చుట్టాలు దిగిన దగ్గర్నుంచి రాసి నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ అన్న