శనివారం అడ్వాన్స్ ఇచ్చే ముందు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి పదకొండు దాటాక తెనాలి నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఇండియా నంబరు కనిపిస్తే నాకు కాళ్లు చల్లబడతాయి. ఎత్తగానే "అందరం బాగానే ఉన్నాం అన్నయ్యా, దీనికే పిచ్చెక్కింది" అంది. కొలంబస్‌లో యాభై ఏళ్లు దాటిన కారేదో చూసుకున్నావట, శనివారం అడ్వాన్స్ ఇస్తావట, మామయ్యగా నేను వద్దని చెప్పాలట. సరేనన్నాను. తర్వాత నీ ఫొటోలు నాకు పంపింది. వాటిని పెద్దవి చేసి చూస్తూ రెండింటి దాకా కూర్చున్నాను. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి అంటుకుందని లోపల ఎంత పొంగిపోయానో మీ అమ్మకి మాత్రం చెప్పకు.

1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 396 (ఎస్ఎస్ అంటే సూపర్ స్పోర్ట్ ప్యాకేజీ, 396 అంటే ఇంజన్ సైజు), ఎర్ర రంగు, హుడ్ మీద నల్ల చారలు, 38 వేల డాలర్లు. ప్రకటనలో "అసలు సిసలు క్లాసిక్ అమెరికన్ మజిల్ కార్" అని రాశాడు. నాకు టెన్షన్ మొదలైంది ఆ మాట దగ్గరే. రెండు తలుపులూ, కాస్త మోతా ఉంటే చాలు, ప్రతి పాత బండినీ ఆ పేరుతోనే అమ్ముతున్నారు.

ఏది మజిల్ కారో నా లెక్క చెబుతాను, నచ్చకపోతే వచ్చి పోట్లాడు. బండి మధ్యరకం సైజుది కావాలి. అందులో పెద్ద కార్లకు పెట్టే ఇంజన్ ఉండాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు వాయిదాల మీద కొనుక్కోగలిగిన ధర కావాలి. ఈ మూడూ కలిసింది 1964 పాంటియాక్ జీటీవోలో. 1949 నాటి ఓల్డ్స్‌మొబైల్ రాకెట్ 88 సంగతేమిటని అడిగేవాళ్లున్నారు, దాన్ని నేను తాతగా ఒప్పుకుంటాను. జీటీవో నాటికి, పాంటియాక్‌ని నడిపే జనరల్ మోటార్స్‌లో మధ్యరకం కార్లకు 330 క్యూబిక్ ఇంచుల సైజు మించిన ఇంజన్ పెట్టకూడదని నియమం ఉండేది. పాంటియాక్ చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్, ఆయన మనుషులు తమ మధ్యరకం కారు టెంపెస్ట్ లెమాన్స్‌లో 389 ఇంజన్ పెడదామనుకున్నారు. కొత్త మోడల్ అంటే పైవాళ్లు ఒప్పుకోరు. అందుకని మోడల్ అనకుండా లెమాన్స్‌కి ఒక "ఆప్షన్" అన్నారు. 300 డాలర్లకు కాస్త తక్కువ ఇస్తే 325 హార్స్‌పవర్. మొదటి ఏడాదే 32 వేలకు పైగా అమ్ముడయ్యాయి. ఆ "ఆప్షన్" అన్న మాట గుర్తుంచుకో. నా కొంప ముంచింది అదే.

నన్నడిగితే అన్నిట్లోకీ నిఖార్సైనది 1968 ప్లిమత్ రోడ్ రన్నర్. హంగులన్నీ పీకేసి, 383 ఇంజన్ పెట్టి, మూడు వేల డాలర్ల లోపు అమ్మారు. హారన్ మాత్రం కార్టూన్ పక్షిలా "బీప్ బీప్" అంటుంది. కార్వెట్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, దాన్ని ఇందులో కలపకు. ఆరు సిలిండర్ల మస్టాంగ్ అందమైన బండే, కానీ మజిల్ కారు కాదు. 428 కోబ్రా జెట్ అనే పెద్ద ఇంజన్ పెట్టిన మస్టాంగ్‌ని మాత్రం కాదనడానికి నాకు నోరు రాదు, ఒప్పుకోవడానికీ రాదు.

ఆ మజిల్ కార్ల కాలం ఎనిమిది తొమ్మిదేళ్లకే ముగిసింది. కుర్రాళ్ల ఇన్సూరెన్స్ ప్రీమియంలు మండిపోయాయి. 1970లో గాలి కాలుష్యాన్ని అడ్డుకునే క్లీన్ ఎయిర్ చట్టం గట్టిపడింది. సీసం లేని పెట్రోలుకు సరిపడేలా 1971లో జనరల్ మోటార్స్ ఇంజన్ల కంప్రెషన్ తగ్గించింది, దాంతో బలమూ తగ్గింది. 1973 చివర్లో చమురు ఆంక్షలు వచ్చేసరికి చావడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఒక్క విషయంలో మోసపోకు. 1971లో 365 హార్స్‌పవర్ అన్న షెవెల్ 454 ఇంజన్, 1972లో 270 అయింది. అది చాలావరకు కొలత మారడం వల్ల. మునుపు ఇంజన్‌ని ఉత్తగా స్టాండు మీద పెట్టి కొలిచేవాళ్లు, తర్వాత సైలెన్సర్, ఆల్టర్నేటర్ అన్నీ తగిలించి కొలిచారు.

కాబట్టి నీ షెవెల్ నా లెక్కలో మజిల్ కారే, అది నిజంగా ఎస్ఎస్ అయితే.

1988లో సంగతి. బ్రేకుల టెస్టింగ్ ఇంజనీరుగా నాకు అది ఏడో ఏడు. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం, లిఫ్ట్ లేదు. పెద్దవాడికి మూడేళ్లు, చిన్నది మీ అత్తయ్య కడుపులో. ఇంటి డౌన్ పేమెంట్‌కి 14 వేలు కూడబెట్టాం. ఫ్లింట్ అవతల ఒక పల్లెలో 1965 జీటీవో ఉందని తెలిసింది. నీలం రంగు, 9,500. నేను 1979లో చదువుకోడానికి డెట్రాయిట్ వచ్చినప్పుడు ఇవి మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద తుప్పు పట్టి, నాలాంటి స్టూడెంట్లు కూడా బేరమాడే ధరకు దొరికేవి. అప్పుడు కొనలేదన్న బాధ తొమ్మిదేళ్లు మోశాను.

ఆ రోజు కారు కింద రెండు గంటలు పడుకున్నాను. నాలుగు బ్రేకు డ్రమ్ములూ విప్పించి కొలిచాను. వీల్ సిలిండర్ల రబ్బరు మూతలు ఎత్తి తడి ఉందేమో చూశాను. బ్రేకు స్టీలు పైపుల పొడవునా వేలితో తడుముకుంటూ వెళ్లాను. ఎక్కడా వంక లేదు. అమ్మేవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు, నాకేమో గర్వం. మీ అత్తయ్య కోటు గుండీలు పట్టక, దాన్ని రెండు చేతులతో పట్టుకుని చలిలో నిలబడి ఉంది. "ఈ కారు కాగితాలేవండీ?" అంది. టైటిల్ ఉందిగా అన్నాను. "అందులో పాంటియాక్ అనే ఉంది. జీటీవో అని లేదే?" అంది. నువ్వూరుకో అన్నాను. అమ్మేవాడికి తెలుగు రాదు కాబట్టి ఆ మాట వాడికి వినపడలేదనుకున్నాను. నా గొంతు వినే ఉంటాడు.

మరుసటి వేసవి పాంటియాక్ ఊళ్లో పాత కార్లవాళ్లంతా చేరారు. ఇంజన్ ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నా హుడ్ కిందికి వంగాడు. ఇంజన్ బ్లాకు ముందు భాగాన్ని, ప్యాసింజర్ వైపు, జేబురుమాలుతో తుడిచి రెండక్షరాలు చదివాడు. "ఇది 326 బాబూ" అన్నాడు, పక్కవాళ్లకు వినపడకుండా. 326 అంటే లెమాన్స్‌లో వచ్చే చిన్న ఇంజన్, 389 జీటీవోది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. జీటీవో ఆప్షనే కాబట్టి 1965లో లెమాన్స్‌కీ దానికీ సీరియల్ నంబరు ఒకే 237తో మొదలవుతుంది. 1966లో విడి మోడల్ చేశాకే దానికి 242 వచ్చింది. పాత ఫ్యాక్టరీ బిల్లుల నకళ్లు దొరుకుతాయని ఆయనే చెప్పాడు. తెప్పించాను. లెమాన్స్, 326, రెండు గేర్ల ఆటోమేటిక్, రేడియో, రంగు అద్దాలు. ఎవరో పెద్దావిడ ఆదివారం చర్చికి వేసుకెళ్లిన బండి అయి ఉంటుంది. మధ్యలో ఎవడో మాన్యువల్ గేర్‌బాక్స్ పెట్టి, బ్యాడ్జీలు తగిలించాడు.

మా తాత సంతలో గిత్తను కొనేముందు నోరు తెరిపించి పళ్లు చూసేవాడు, ఒళ్లంతా తడిమి సుడులు చూసేవాడు. ఆయన మనవణ్ణి, గిట్టలు చూసి ఇంటికి తోలుకొచ్చాను. నాకు బ్రేకులు తెలుసు కాబట్టి బ్రేకులే వెతికాను. తెలియని చోట ఒక్క ప్రశ్నా అడగలేదు, అడిగిన మనిషి నోరు మూయించాను. చిన్నదాన్ని ఒక చంకన, పాల డబ్బా ఇంకో చేత పట్టుకుని మీ అత్తయ్య ఆ మూడంతస్తులూ ఇంకో రెండేళ్లు ఎక్కింది. ఒక్క మాట అనలేదు. "మన దొంగ జీటీవో" అని మాత్రం ముద్దుగా పిలిచేది. 1991లో అమ్మకానికి పెట్టినప్పుడు వచ్చిన కుర్రాడు దాన్ని జీటీవో అనే అనుకుంటున్నాడు. ఇప్పటికీ సిగ్గుతోనే రాస్తున్నాను, నేను మాట్లాడకుండా ఉన్నాను. మీ అత్తయ్య లోపలికెళ్లి ఆ బిల్లు నకలు తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

ఇక నీ బండి. నువ్వు ఈపాటికి స్ప్రెడ్‌షీట్ చేసి, ధరలన్నీ పోల్చి ఉంటావు. అంటే నీకు తెలిసిన చోటే వెతికావన్నమాట. 1970 షెవెల్‌లో ఎస్ఎస్ కూడా ఆప్షనే. సీరియల్ నంబరు 136తో మొదలైతే ఎనిమిది సిలిండర్ల (వీ8) మాలిబు అనే షెవెల్ రకం అని తెలుస్తుంది, అంతే. ఎస్ఎస్ అవునో కాదో తెలియదు. 135 అయితే ఆరు సిలిండర్లది, అక్కడే దండం పెట్టి వచ్చెయ్. పాంటియాక్‌లా ఫ్యాక్టరీ బిల్లు నకలు దీనికి దొరకదు, కెనడాలో అమ్మిన బండి అయితే తప్ప. ఉంటే గింటే బండికి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసిన బిల్డ్ షీట్ అనే పేపరు ఉండాలి. ఒక్కోసారి పెట్రోలు ట్యాంక్ పైన ఇరుక్కుని దొరుకుతుంది. అమ్మేవాణ్ణి అడుగు. తడబడితే 38 వేలు మాలిబుకి ఇస్తున్నట్టు లెక్క.

ఇంకో తమాషా, 1970లో 396 అని బ్యాడ్జీ వేసిన ఇంజన్ లోపల నిజానికి 402. పాత పేరుకు గిరాకీ ఉందని కంపెనీవాళ్లే ఉంచేశారు. కాబట్టి 402 అని ఎవడైనా చూపిస్తే ఆ ఒక్క కారణంతో నకిలీ బండి అనకు.

ఒహాయో బండి కదా, అక్కడా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకెళ్లి వెనక చక్రాల పైన, తలుపుల కింద పెట్టి చూడు. అంటుకోకపోతే అక్కడ ఉన్నది ఇనుము కాదు, పుట్టీ.

ఇప్పుడు నా గోల. ఎస్ఎస్ ప్యాకేజీలో ముందు చక్రాలకు పవర్ డిస్క్ బ్రేకులు వచ్చేవి. ముందు డ్రమ్ములు కనిపిస్తే అది ఎస్ఎస్ కాదనే అనుమానించు. డిస్కులు కనిపిస్తే మాత్రం ఏదీ రుజువు కాదు, ఎవడైనా బిగించగలడు. నా 65 బండిలో మాస్టర్ సిలిండర్‌కి, అంటే పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాలకు నెట్టేదానికి, ఒకే గది ఉండేది, ఎక్కడ ఒక్క పైపు కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోయేది. నీ 1970 బండికి రెండు గదులుంటాయి, అందుకే నిన్న కాసేపైనా పడుకోగలిగాను. అయినా సరే, కొన్న రోజునే బ్రేకుల రబ్బరు గొట్టాలు నాలుగేళ్లవైనా నలభై ఏళ్లవైనా మార్పించు. అవి పైకి బాగానే ఉండి లోపల వాచిపోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ మొత్తం తీయించు, అది గాల్లో తేమ తాగుతుంది. పాత బ్రేకు లైనింగుల ధూళి నోటితో ఊదకు, ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆ ధూళి పక్కనే గడిపాను, ఏటా ఎక్స్‌రే రిపోర్టు వచ్చేదాకా నాకుండే దడ మీ అత్తయ్యకు తెలుసు. మొదటిసారి ఖాళీ పార్కింగ్ లాట్‌లో గంటకు ముప్పై మైళ్ల వేగంలో బ్రేకు గట్టిగా తొక్కి చూడు, ఒక పక్కకి లాగితే హైవే ఎక్కకు. ఎక్కితే నాకు చెప్పకు, చెప్పకపోయినా తెలిసిపోతుంది.

శనివారం ఐదింటికి ఇక్కడ బయల్దేరి తొమ్మిదికల్లా మీ ఇంటి ముందుంటాం. పాత బట్టలు, టార్చిలైటు, అయస్కాంతం నేను తెస్తున్నాను. మీ అత్తయ్య కూడా వస్తోంది. ఆవిడ అమ్మేవాణ్ణి ఏది అడిగినా, దానికి సమాధానం వచ్చేదాకా నువ్వు చెక్కుబుక్ తియ్యకు. నన్ను మాట్లాడనివ్వకు.

మీ అమ్మ అడిగితే మామయ్య వద్దన్నాడనే చెప్పు.

మామయ్య