చదవలేని పిల్లల మీద పరిశోధన అంటే ప్రొఫెసర్లు ఏం చేస్తారు?

గాజువాకలో బీఈడీ చదువుతున్న అమ్మాయి ప్రశ్న ఇది. పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో పరిశోధించిన మేరీ క్లే గురించి చెబితే సరిపోతుంది. న్యూజీలాండ్‌లో 1926లో పుట్టారు, మన ఆంధ్రా యూనివర్సిటీ పెట్టిన ఏడాదే. 1975లో ఆక్లాండ్ యూనివర్సిటీకి తొలి మహిళా ప్రొఫెసర్ అయ్యారు.

ఆవిడ పద్ధతి సులువే. పిల్లవాడు పైకి చదువుతుంటే పక్కన కూర్చుని, సరైన మాటకి టిక్ పెట్టి, తప్పు చదివితే వాడు పలికింది పలికినట్టే రాసుకోవడం. అసలు విషయం ఆ తప్పుల్లోనే ఉంటుంది. ‘అమ్మ’ని ‘అమ’ అంటే ఒత్తు దగ్గర తడబాటు. ‘పడవ’ అని ఉన్నచోట బొమ్మ చూసి ‘ఓడ’ అంటే (వైజాగ్ పిల్లలు మరి!) అక్షరాలు చూడకుండా ఊహించడం. రెండిటికీ మందు ఒకటి కాదు.

చదవడంలో వెనకబడ్డ పిల్లల కోసం ఆవిడ పెట్టిన ‘రీడింగ్ రికవరీ’ కార్యక్రమంలో ఆరేళ్ల పిల్లలకి రోజూ అరగంట, ఒక్కరికే ఒక టీచర్. అక్షరాలు చూడకుండా ఊహించడాన్నే ప్రోత్సహిస్తుందని దానిమీద తర్వాత విమర్శలొచ్చాయి. నాకూ అవి సబబే అనిపిస్తాయి.