నీలిసూత్రంలో నీలి ఏది?

సందేహం: తెలుగు బైబిల్ నిర్గమకాండంలో ఆరాధన గుడారానికి తెమ్మన్న సామగ్రిలో "నీల ధూమ్ర రక్తవర్ణములు" అని ఉంది. ధూమ్రమంటే పొగరంగు కదా, ఊదా అనాల్సింది కాదా? ఈ రంగులను యూదులు పురుగుల నుంచి, నత్తల నుంచి తీసేవారని విన్నాను. ఆ ఎర్రపురుగును ఆరుద్ర పురుగు అనవచ్చా?

సమాధానం: ధూమ్రాన్ని తప్పుపట్టకండి. "ధూమ్రధూమలౌ కృష్ణలోహితే" అంది అమరకోశం. అంటే నలుపు కలిసిన ఎరుపు. హీబ్రూ 'అర్గమాన్' దాదాపు ఆ వన్నెదే. ఈనాటి పాఠకుడికి ఊదా అంటే తొందరగా అందుతుంది, అంతే.

ఆరుద్ర పురుగు మాత్రం వద్దు. తొలకరికి గట్ల మీద మఖమల్ ముక్కలా పాకుతూ, ముట్టుకుంటే కాళ్లు ముడుచుకునే ఆ జీవి అద్దకానికి పనికిరాదు. హీబ్రూలో ఆ ఎరుపు పేరు 'తోలాఅత్ షనీ'. తోలాఅత్ అంటే పురుగే. కీర్తనల్లో "నేను నరుడను కాను నేను పురుగును" అన్నచోట మూలంలో ఉన్నదీ ఈ మాటే. 'రక్తవర్ణము' అనేసరికి రంగు మిగిలింది, పురుగు పోయింది. ఆ రంగునిచ్చే ఆడపురుగు ఓక్ కొమ్మకు గింజలా అతుక్కుని కదలకుండా ఉంటుంది. ఇజ్రాయెల్ ఓక్ చెట్ల మీద ఉండే ఆ పురుగే ఇదని బార్ ఇలాన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జోహార్ అమర్ నిరూపించ చూశారు. అది మన లక్కపురుగుకు చుట్టం. రంగుకు ఒక్క మాటే కావాలంటే హిందుస్తానీ మీదుగా వచ్చిన 'కిరమంజి' ఉండనే ఉంది. దాని వెనకున్న పారసీకపు 'కిర్మ్' అన్నా పురుగే, మన క్రిమికి తోబుట్టువు.

మీరు అడగని చిక్కు మరొకటుంది, నాకు అదే పెద్దది. సంఖ్యాకాండంలో బట్టల అంచు కుచ్చులకు 'నీలిసూత్రము' తగిలించమన్నారు. మూలంలో 'తెఖేలెత్'. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తల్ముద్ పండితుల లెక్కలో అది 'హిల్లజోన్' అనే జలచరం నుంచే రావాలి. నీలిమొక్కతో అద్దిన దారానికి 'కలా ఇలాన్' అని పేరు పెట్టి, దాన్ని తెఖేలెత్ అని చెప్పి కట్టుకోవడం మోసమన్నారు. మన 'నీలి' అచ్చంగా ఆ మొక్క పేరే! ఏది కూడదన్నారో అదే అనువాదంలోకి వచ్చి కూర్చుంది.

హిల్లజోన్ అంటే మ్యూరెక్స్ అనే సముద్రపు నత్త అని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. దాని గ్రంథిలోని పసరు గాలి తగిలేకొద్దీ ఊదాకు తిరుగుతుంది. 1980లలో ఓట్టో ఎల్స్‌నర్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సంగతి గమనించారు: మబ్బు పట్టిన రోజున అద్దితే ఊదా, ఎండలో అద్దితే నీలం. తొట్టిలోని రంగు మీద ఎండ పడితే అందులోని బ్రోమిన్ ఊడిపోతుంది. మిగిలేది నీలిమందులో ఉండే పదార్థమే, అణువంత తేడా లేదు. కంటికి తెలియదు కాబట్టి అమ్మేవాడి మాటే ప్రమాణం.

మన దగ్గర నీలి అంటే అబద్ధం కూడా. నీలిమందు తొట్టి కుదరకపోతే ఊళ్లో ఓ పుకారు పుట్టిస్తే కుదురుతుందని తయారీదారుల నమ్మకమట, 'నీలివార్త' అలా పుట్టిందంటారు. తల్ముద్ పండితులకు తెలుగు వచ్చి ఉంటే ఈ మాటను ఎగిరి పట్టుకునేవారు.

అనువాదంలో నేనైతే 'తెఖేలెత్ దారం' అని ఉంచి, అడుగున 'నత్తనీలం' అని రాస్తాను.