ధైర్యం వచ్చాకే ఆఫీసుకు వెళ్లాలా?

ప్రశ్న: డిప్రెషన్, దాంతోపాటు విపరీతమైన ఆందోళన వల్ల కొన్ని నెలలుగా సెలవులో ఉన్నాను. మందులు, కౌన్సెలింగ్‌తో ఇప్పుడు నిద్ర పడుతోంది, ఆకలి వేస్తోంది. ఇక ఉద్యోగంలో చేరొచ్చని డాక్టర్ అన్నారు. కానీ ఆఫీసు మెయిల్ తెరవాలంటేనే గుండె దడ. నాది అకౌంట్స్ పని. ఒకప్పుడు అలవోకగా చేసేదాన్ని, ఇప్పుడు ఒక పేజీ చదివితే పైన ఏముందో గుర్తుండటం లేదు. ఏమైందని అందరూ అడిగితే ఏం చెప్పాలి? ధైర్యం వచ్చేదాకా సెలవు పొడిగించుకోనా?
– ఒక పాఠకురాలు

జవాబు: పొడిగించుకోవద్దండీ. డాక్టర్ వద్దంటే అది వేరే మాట, కానీ కేవలం భయం వల్ల అయితే వద్దు. ఆందోళన తీరే అంత, భయమేసిన చోటికి వెళ్లకపోతే ఆ పూటకి ప్రాణం కుదుటపడుతుంది, మర్నాటికి అదే భయం ఇంకాస్త పెరుగుతుంది. ధైర్యం ముందొచ్చి పని తర్వాత జరగడం చాలా అరుదు. చిన్న పనైనా ఒకటి చేసి, అది అయిందని కళ్లారా చూసుకున్నాక కొద్దికొద్దిగా వస్తుంది.

అలాగని మొదటి రోజే పాత వేగంతో మొత్తం నెత్తిన వేసుకోమని కాదు. మీరు రాసిన మతిమరుపు చూసి తెలివి పోయిందేమోనని భయపడుతున్నట్టున్నారు, పోలేదు. డిప్రెషన్‌లో నిద్ర, ఆకలి, మూడ్ బాగుపడ్డాక కూడా ఏకాగ్రత, జ్ఞాపకం చాలామందికి ఆలస్యంగానే తిరిగొస్తాయి. ఈలోపు దానికి తగ్గట్టు పని సర్దుకోవాలి. చికిత్సతో పాటు పనిలో మార్పులు కూడా చేసే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లోనే సూచించింది, కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. అయితే 'నన్ను కాస్త చూసుకోండి' అంటే ఏ మేనేజర్‌కీ ఏం చేయాలో అర్థం కాదు. మొదటి రెండు వారాలు సగం పూట, ఆ తర్వాత గంటలు పెంచడం, ఈసారి నెలాఖరు లెక్కల బాధ్యత ఇంకొకరికి ఇవ్వడం, చెప్పే పనేదో మెయిల్‌లో రాసి పంపడం, మీరు వేసిన అంకెలు కొన్నాళ్లు మరొకరు సరిచూడటం, ఇలా విడివిడిగా అడగండి. ఒప్పుకున్నవి చేరేముందే ఒక మెయిల్‌లో ఉండేలా చూసుకోండి.

జబ్బు పేరు తోటి ఉద్యోగులకు చెప్పాల్సిన అవసరం లేదు. 'ఆరోగ్యం బాగాలేక సెలవు పెట్టాను, ఇప్పుడు నయం, అడిగినందుకు థాంక్స్' అని చెప్పి మాట మార్చేయండి. ఇంట్లో ఒకటి రెండుసార్లు పైకి అని చూసుకుంటే అక్కడ తడబడరు. గుసగుసలాడేవాళ్లు ఒకరిద్దరు ఉండొచ్చు, వాళ్లందరి నోళ్లూ మూయించే పని మీది కాదు.

మెయిల్ సంగతి మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని ఓ పావుగంట తెరిచి చూడండి, జవాబులేం ఇవ్వక్కర్లేదు. దడ పుడుతుంది, పుట్టనివ్వండి, వెంటనే మూసేయకుండా కాసేపు ఉంటే దానంతటదే తగ్గుతుంది. చేరే ముందు ఒకసారి డ్యూటీ టైముకే లేచి ఆఫీసు గేటు దాకా వెళ్లి రండి.

బాగైపోయిందని మందులు ఆపొద్దు. డిప్రెషన్ తగ్గాక కూడా మామూలుగా కనీసం ఆరు నెలలు వాడమంటారు. పొద్దున మత్తుగా ఉంటే వేసుకునే సమయం మార్చమని డాక్టర్నే అడగండి, మీరుగా మార్చొద్దు. చేరాక బాగా అలసిపోవడం మామూలే. కానీ నిద్ర మళ్లీ చెడినా, స్నానం చేయడానికి, ఫోన్ ఎత్తడానికి కూడా మనసు రాకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా ఎవరికైనా చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చేరే తేదీ మీ చేతిలో ఉంటే వారం మధ్యలో పెట్టుకోండి, రెండు మూడు రోజులకే సెలవు వస్తుంది. డాక్టర్ దగ్గర తర్వాతి అపాయింట్‌మెంట్ కూడా ఆ వారం చివరికే తీసుకోండి.