హెచ్1 వీసా, షూటింగ్ రేంజి, ఒక ఫొటో

మొన్న సంక్రాంతికి, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో, కొత్తగా డాలస్ వచ్చిన కుర్రాడొకడు పులిహోర ప్లేటుతో నా పక్కకు చేరాడు. "అన్నా, శనివారం రూమ్మేట్లు తుపాకులు పేల్చే షూటింగ్ రేంజికి పోదామంటున్నారు. టెక్సాస్‌లో ఇప్పుడు తుపాకీకి లైసెన్స్ కూడా అక్కర్లేదంట కదా, పోవచ్చా?"

వద్దు తమ్ముడూ.

లైసెన్స్ అక్కర్లేదన్న మాట నిజమే. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్స్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. కానీ అది ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం, అడ్డు చెప్పనివాళ్లకే. మనకు అడ్డు చెబుతుంది. హెచ్1, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు, రేంజిలో అద్దెకు తీసుకుని పేల్చినా ఆ లెక్కలోకే వస్తుంది. దీనికి శిక్ష 2022 నుంచి 15 ఏళ్ల దాకా పెరిగింది.

"అంతమంది వెళ్తున్నారు, ఎవరు పట్టించుకుంటారులే" అంటారని తెలుసు. ఫ్లోరిడాలో రెహైఫ్ అనే విదేశీ విద్యార్థి కూడా అలాగే అనుకుని ఉంటాడు. మార్కులు రాక కాలేజీ నుంచి తీసేశారు, వీసా పోయింది, ఆ తర్వాత రేంజికి వెళ్లి తుపాకీ పేల్చాడు. 18 నెలల జైలు శిక్ష పడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తన వీసా స్టేటస్ పోయిన సంగతి అతనికి తెలుసని ప్రభుత్వమే రుజువు చెయ్యాలని 2019లో కోర్టు అంది. సరే, కానీ ఆ మాట అనిపించుకోవడానికి ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడో చూడండి.

వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ఆన్‌లైన్‌లో తీసేసుకుని "ఇక మనం సేఫ్" అనుకునేవాళ్లూ ఉన్నారు. కాగితం మీద కుదురుతుంది. అయినా ఫోటో సరదా కోసం వీసాను పణంగా పెట్టడం ఎందుకు? తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా డీపోర్ట్ చెయ్యొచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేనూ వెళ్లాను కాబట్టి. 2006లో, హెచ్1 మీద. చెవులకు మఫ్లు, కళ్లకు పసుపు అద్దాలు, చేతిలో పిస్టల్. ఫొటో దిగి ఆర్కుట్‌లో పెట్టా. చాలా ఏళ్లకు సిటిజన్‌షిప్ ఫారం నింపుతుంటే ఒక ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది: అరెస్టు కాకపోయినా సరే, మీరెప్పుడైనా నేరం చేశారా? ఆ రాత్రి నిద్ర లేదు. లాయరుకు ఉన్నదంతా చెప్పి, వివరణ కాగితం జత చేయించుకున్నా. ఆ ఒక్క ఫొటోకు లాయరు ఫీజు ఎంతయిందో ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదు.

ఇక ఆఫీసులో గన్ చర్చ వచ్చినప్పుడు ఏం మాట్లాడాలని కూడా ఆ కుర్రాడు అడిగాడు. ఇండియాలో మన దగ్గర తుపాకీ అంటే బ్యాంకు ముందు స్టూలు మీద కునికే సెక్యూరిటీ తాత. లైసెన్స్ ఉన్న మోతుబరి కూడా ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పాల్సిందే. కాబట్టి తుపాకీ కావాలనే అమెరికావాళ్ల వాదన మొదట్లో మనకు వింతగా ఉంటుంది. నా మొదటి ఉద్యోగంలో పక్క సీటాయన ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడానికి వంగితే, చొక్కా పైకి జరిగి నడుం దగ్గర తోలు ఒరలో పిస్టల్ కనిపించింది. నాకు టీ గొంతు దిగలేదు. ఆయన నవ్వి టెక్సాస్‌లోనే ఉన్న కిలీన్ అనే ఊరి సంగతి చెప్పాడు. 1991లో ఆ ఊళ్లోని ల్యూబీస్ అనే హోటల్లో ఒకడు 23 మందిని చంపేశాడు. సుజానా హప్ అనే ఆవిడ తల్లీతండ్రీ ఆ కాల్పుల్లోనే పోయారు. వెంట తెచ్చుకోవడం చట్టవిరుద్ధమని తన తుపాకీ కారులోనే వదిలేసిందట. ఆవిడ ఊరూరా తిరిగి ఆ మాటే చెప్పింది, 1995లో లైసెన్స్‌తో దాచి తీసుకెళ్లే చట్టం వచ్చింది.

ఆ బాధ నాకు అర్థమైంది. కానీ ఉవాల్డే కూడా టెక్సాసే. 2022లో ఆ ఊరి బడిలో ఒకడు కాల్పులు జరిపితే 19 మంది పిల్లలూ ఇద్దరు టీచర్లూ పోయారు. తుపాకులున్న పోలీసులు వందల్లో వచ్చి గంటకు పైగా ఆ క్లాసు గది బయటే ఉండిపోయారు. నెల తిరక్కుండా, న్యూయార్క్‌లో 1913 నుంచి ఉన్న 'ప్రత్యేక కారణం చూపితేనే తుపాకీ వెంట తీసుకెళ్లే లైసెన్స్' నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బకు, మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ ఊరున్న న్యూజెర్సీ కూడా అలాంటి నిబంధనే వదులుకుంది.

హక్కు ఉండనీ, నాకు పేచీ లేదు. పరీక్ష ఎత్తెయ్యడమే నాకు నచ్చదు. ఇంతకుముందు క్లాసులో కూర్చుని, గురి పరీక్ష పాసై, డీపీఎస్ అనే రాష్ట్ర ప్రభుత్వ శాఖ దగ్గర లైసెన్స్ తీసుకుంటేనే పిస్టల్ వెంట పెట్టుకుని తిరగడం కుదిరేది. డ్రైవింగ్ పరీక్షలో పారలల్ పార్కింగ్ రాలేదని నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసిన అదే డీపీఎస్! అయితే ఈ అభిప్రాయం నేను ఇంట్లో చెబుతా, ఆఫీసులో కాదు. మీరూ వింటూ ఉండండి, చాలు.

మీకు రోజూ పనికొచ్చేది వేరే ఉంది. షాపు తలుపు మీద 30.06, 30.07 అనే చట్టం సెక్షన్ల నంబర్లతో, అంగుళం అక్షరాలతో ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ బోర్డు ఉందంటే, లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా తుపాకీతో లోపలికి రావద్దని. బోర్డు లేదంటే లోపల ఎవరి నడుం దగ్గరైనా ఉండొచ్చని. పార్కింగ్‌లో జాగా కోసం హారన్ కొట్టి గొడవ పడకండి.

పోలీసు ఆపితే మన అలవాటు కొద్దీ కారు దిగి ఎదురెళ్లొద్దు. చేతులు స్టీరింగ్ మీదే. "ఇన్సూరెన్స్ కాగితం గ్లోవ్ బాక్స్‌లో ఉంది, తియ్యమంటారా" అని అడిగాకే చెయ్యి కదపండి.

ఇంకొకటి, తప్పు ఇంటి తలుపు. 2023లో కాన్సస్ సిటీలో 16 ఏళ్ల అబ్బాయి తమ్ముళ్లను తీసుకెళ్దామని 115వ టెరస్ బదులు 115వ స్ట్రీట్‌కు వెళ్లి బెల్లు కొడితే లోపలి నుంచి కాల్చారు, ప్రాణంతో బయటపడ్డాడు. రాత్రిపూట సత్యనారాయణ వ్రతం ఇల్లు వెతుక్కుంటూ చీకట్లో ఎవరి వరండానో ఎక్కకండి. కారులోనే కూర్చుని ఫోన్ చెయ్యండి, వాళ్లే బయటికొచ్చి చెయ్యి ఊపుతారు.

ఆ కుర్రాడు అంతా విని, "అయితే బౌలింగ్‌కి పోతాం అన్నా" అని ఇంకో గరిటె పులిహోర వేయించుకున్నాడు.